మాటలు లెక్కపెట్టే పూస

రోజు 203

ఆఫీసుకు పంపే చిట్టా వేరు. అందులో అంకెలుంటే వాళ్ళకి చాలు. ఇది నా సొంత చిట్టా. సముద్రం మీద తేలే ఈ ఏడో తెప్పవాడ బాలబడికి నన్ను వేసి ఇవాళ్టికి రెండువందల మూడు రోజులు. గట్టు మీద పుట్టి పెరిగినదాన్ని, కాళ్ళ కింద నేల కదలకూడదని నమ్మేదాన్ని. ఇప్పటికీ పొద్దున్నే ఒక చేత్తో తలుపు పట్టుకుంటే తప్ప పళ్ళు తోముకోలేను.

నీళ్ళ పడవ ఇవాళ గంట ఆలస్యంగా వచ్చింది. పడవవాడితో పోట్లాడి, దగ్గరుండి కొలిపించుకున్నాను. బడిలో ఉన్న ఇరవై మూడు మందిలో పదిహేడు మంది పిల్లలకి తలా నాలుగు లీటర్లు, మొత్తం అరవై ఎనిమిది లీటర్ల ఉప్పులేని తీపి నీళ్ళు. వెనకబడిన ఇళ్ళ పిల్లలు బడిలో కూడా వెనకబడకూడదని ప్రభుత్వం బాలబడికి ఇచ్చే ఆసరా వంతు ఇదే. గట్టు మీది బళ్ళు దీనికి బదులుగా ఇంకో టీచరునో, ఆటబొమ్మలనో అడుగుతాయట. మీకేం కావాలని నన్నడిగితే స్నానానికి నీళ్ళు అని రాశాను. ఆఫీసులో నవ్వుకునే ఉంటారు. ఒంటి నిండా ఉప్పు పుళ్ళతో గోక్కుంటూ కూర్చున్న పిల్లకి అక్షరాలు ఎవరు నేర్పగలరో వాళ్ళే వచ్చి నేర్పమనండి. ముందు ఒళ్ళు కడగాలి, బొమ్మలు తర్వాత.

ఎవరు వెనకబడ్డారో తేల్చేది పూస. చింతగింజంత ఉంటుంది. ప్రతి పిల్ల మొలతాడుకీ ఒకటి కట్టి ఉంటుంది. బడి వదిలినప్పటి నుంచి మర్నాడు బడి తెరిచేదాకా ఆ పిల్ల చెవిన ఎన్ని మాటలు పడ్డాయో లెక్కపెడుతుంది. పొద్దున్నే పిల్లల్ని వరసలో నిలబెట్టి పూసని పలకకి ఆనిస్తే అంకె కనిపిస్తుంది. నెల సగటు పన్నెండు వందల లోపైతే పిల్ల వెనకబడినట్టు, ఆసరా వస్తుంది. దాటితే రాదు. ఇంట్లో మాటలు తక్కువ వినే పిల్లలు చదువులో వెనకబడతారని ఎవరో చదువుకున్నవాళ్ళు కనిపెట్టారు. అది తప్పని నేనూ అనను.

పేచీ అంతా పైడితోనే. నాలుగేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ పేరు లోవ, నాచు ఆరబెట్టే పని చేస్తుంది. ఆవిడ నోటికి తాళం లేదు. నాచుతో మాట్లాడుతుంది, తాళ్ళతో మాట్లాడుతుంది, ఎండ చాలలేదని మబ్బుని తిడుతుంది. కూతురికి అదే వచ్చింది. నిన్న పైడి పూస మీద నాలుగు వేల ఆరువందల మాటలు. అందుకని దానికి ఆసరా లేదు, స్నానం లేదు. మోకాళ్ళ మీద, మెడ వెనక పుళ్ళు. మిగతావాళ్ళ నీళ్ళలోంచి తలా కాస్త మిగిల్చి దానికొక చెంబు పోస్తున్నాను. ఆ చెంబు నీళ్ళు పోసేంతలో పది ప్రశ్నలు వేస్తుంది.

"టీచరమ్మా, సేపకి రెప్పల్లేవు గదా, మరది తొంగున్నాదో లేదో ఎలాగ తెలుస్తాది?"

నాకు తెలియదని చెప్పాను. తెలుసుకుని చెప్పమంది.

రోజు 206

ఇవాళ తిట్లు తిన్నాను. తిట్టినవాళ్ళెవరూ నోరు తెరవలేదు, అదీ విశేషం.

సముద్రం మింగేసిన పాత పట్నం మా కాళ్ళ కిందే ఉంది. వీళ్ళు దాన్ని కింద ఊరు అంటారు. ఊపిరి గొట్టం పెట్టుకుని దిగి రాగి తీగలు, ఇత్తడి కుళాయిలు తెచ్చి గట్టుకు అమ్ముతారు. మనిషి నీళ్ళలో ఉన్నంతసేపూ ఆ తెప్ప గడకు ఎర్రగుడ్డ కడతారు. అది నేను చూసుకోలేదు. నూకరాజు అనే పిల్లవాడు నీళ్ళ తొట్టి మూత తన్నేశాడని గొంతు చించుకుని కేకలేస్తున్నాను. తలెత్తి చూస్తే పక్క తెప్ప మీద పదిమంది నన్నే చూస్తున్నారు. వాడకి పెద్ద బంగారమ్మ, డెబ్బై ఏళ్ళ మనిషి, వేలెత్తి ఎర్రగుడ్డ చూపించింది. నోరు మూసుకున్నాను.

దిగినవాడు లోవ మొగుడు తాతాలు. తాడు పట్టుకున్నది లోవ. ఆ వాగుడుకాయ తాడుకి చెంప ఆనించి ఇరవై నిమిషాల పాటు ఉలకలేదు, పలకలేదు. చివరికి తాతాలు పైకి వచ్చి, గొట్టం ఊడదీసి, "ఆకలేస్తంది" అన్నాడు. ఆ తర్వాత అందరూ ఒక్కసారే మాటల్లో పడ్డారు.

"కింద మడిసున్నప్పుడు పైన మాటుండకూడదమ్మా," అంది బంగారమ్మ తర్వాత నాతో. "తాడు మీద ఆడు కొట్టిన దెబ్బ ఇనపడాల. ఒక్క దెబ్బ ఇనపడకపోతే మడిసి పోతాడు. పైకొచ్చినాక కూడా ముందు ఆడే నోరిప్పాల. అందాకా ఎవులూ ఇప్పరు."

"అతను మాట్లాడకపోతే?"

"మాటాడేదాకా సూస్తాం."

మంచి ఆచారమే. నాబోటి దానికి మటుకు శిక్ష.

రోజు 209

పైడికి జ్వరం. మెడ వెనక పుండు పగిలి చీము పట్టింది. వైద్యం పడవ మీద వచ్చిన నర్సు మందు రాసి, రోజూ తీపి నీళ్ళతో కడగమని చెప్పి వెళ్ళిపోయింది. కడగడానికి నీళ్ళేవని అడిగే లోపల పడవ కదిలింది.

బడి వదిలాక లోవ వచ్చింది.

"ఇంటికొచ్చే నీల్లు తాగడానికే సాలవు టీచరమ్మా. ఆ నూకరాజుకి పోస్తన్నారు గదా, నా గుంట పైడికెందుకు పొయ్యరు? మేమేటి మేడల్లో ఉన్నామా?"

పూస సంగతి విడమరిచి చెప్పాను. ఎక్కువ మాటలు విన్న పిల్ల ప్రభుత్వం లెక్కలో కలిగినవాళ్ళ పిల్ల కిందే జమ అన్నాను.

"అయితే నా నోరే దానికి అడ్డం."

ఆవిడ మొహం చూసి, కాస్త నవ్విద్దామని అన్నాను. "అంతే లోవా. ఒక్క నెల నువ్వు నోరు కట్టుకుని కూర్చో, నీ కూతురి పేర నాలుగు లీటర్లు నేను రాయిస్తా."

లోవ నవ్వలేదు. లేచి వెళ్ళిపోయింది. నా హాస్యం ఎప్పుడూ ఇంతే, ఎదుటివాళ్ళకి అరగదు.

రోజు 241

శుభవార్త. పైడి పూస పన్నెండు వందల గీత కిందికి దిగింది. సగటు మూడువందలు. పలక పాడయిందేమోనని మూడుసార్లు ఆనించి చూశాను. నిజమే. ఆసరాకి అర్జీ ఆ క్షణమే పంపాను. ఎందుకు తగ్గిందని ఆలోచించలేదు. ఆ పిల్ల మెడ మీద పుండు చూస్తూ ఎవరాలోచిస్తారు?

లోవ నా మీద ఇంకా కోపంగానే ఉన్నట్టుంది. పొద్దున్నే పిల్లని దింపి, తలూపి వెళ్ళిపోతుంది. పలకరిస్తే పలకదు. ఈ మధ్య మిగతా తల్లులూ అలాగే ఉన్నారు. ఏం తప్పు చేశానో తెలిస్తే క్షమాపణ అడుగుదును.

రోజు 247

పైడికి మొదటి నిండు స్నానం. నాలుగు చెంబులు తల మీంచి పోశాను. కళ్ళు మూసుకుని నిలబడింది, కదల్లేదు. పుళ్ళు ఎండుతున్నాయి. ఒంటి మీద ఉప్పు చార పోయి, అసలు రంగు ఇన్నాళ్ళకి కనిపించింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఈసారి నన్నేమీ అడగలేదు. స్నానం హాయిగా ఉండి మాట మరిచిపోయిందనుకున్నాను.

రోజు 258

ఇరవై మూడుకి ఇరవై మూడు. పిల్లలందరికీ ఆసరా. రోజుకి తొంభై రెండు లీటర్లు. బడిలో ఒక్క పిల్ల గోక్కోవడం లేదు. తరగతి ఎంత నిమ్మళంగా ఉందంటే, గోడకి తెప్ప తాళ్ళు రాసుకునే చప్పుడు కూడా వినిపిస్తోంది. పిల్లలు దారిలో పడ్డారు. ఎనిమిది నెలలు నేను పడిన శ్రమకి ఫలితం దక్కింది.

పై వాక్యాలు అలాగే ఉంచుతాను. ఎంత తెలివితక్కువదాన్నో రేపెప్పుడైనా చదువుకోవడానికి పనికొస్తాయి. (ఈ రెండు ముక్కలూ రోజు 266న రాశాను.)

రోజు 266

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మూడు నెలలకోసారి జరిగే మాటల పరీక్ష ఇవాళ పెట్టాను. బొమ్మ చూపిస్తే పిల్ల దాని పేరు చెప్పాలి. పడవ బొమ్మ చూపించాను. పైడి కిటికీలోంచి నిజం పడవ వైపు వేలు చూపించింది. పేరు చెప్పమన్నాను. నా మొహంలోకి చూసింది. పెదవులు కదిలాయి, చప్పుడు రాలేదు. నూకరాజుని పిలిచాను. వాడూ అంతే. ఇరవై మూడు మందిలో పద్నాలుగు మంది ఒక్క మాట కూడా పలకలేదు. మిగతావాళ్ళు గుసగుసగా ఒక మాటో, రెండు మాటలో అన్నారు, అంటూ తలుపు వైపు చూశారు. మూడు నెలల కిందట ఇదే బొమ్మకి పైడి చెప్పిన కథ రాయడానికి నాకు పేజీ సరిపోలేదు.

బడి వదిలేసి, భయమో ఏమిటో తెలియని కంగారుతో, చెక్కల వంతెన మీద నడిచి తెప్పల వైపు వెళ్ళాను. సాయంత్రం నాలుగు గంటల వేళ. నాచు దంచే వేళ, వంటల వేళ. ఆ వేళప్పుడు ఈ వాడ గోల గట్టు దాకా వినపడాలి.

ప్రతి గడకీ ఎర్రగుడ్డ ఉంది.

ముందు నాకు అర్థమైంది వేరు. పెద్ద ప్రమాదం జరిగిందనీ, ఇంటికొకరు దిగి వెతుకుతున్నారనీ అనుకున్నాను. కానీ తాళ్ళు పట్టుకున్నవాళ్ళెవరూ లేరు. ఆడవాళ్ళు నాచు తిరగేస్తున్నారు, మగవాళ్ళు వలలు బాగుచేస్తున్నారు, ఒకామె పసిపిల్లకి గంజి తాగిస్తోంది. ఎవరి నోటా మాట లేదు. తాతాలు తన తెప్ప మీద కూర్చుని గొట్టం తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి లేచి దణ్ణం పెట్టాడు, పలకరించలేదు. లోవ పక్కనే ఉంది.

"ఎవరు దిగారు?" అని అడిగాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

లోవ ఉలిక్కిపడి పైడిని గుండెకి అదుముకుని, దాని రెండు చెవులూ మూసేసింది.

అప్పుడు బంగారమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. చిన్న దోనెలో ఎక్కించి, తెప్పలకి దూరంగా, మాట వినపడనంత దూరం తెడ్డు వేసుకుంటూ తీసుకుపోయింది.

"నా ఇంట పిల్లల్లేరు, ఈ దూరాన నాను మాటాడొచ్చు," అంది. "అడుగమ్మా."

"కింద ఎవరున్నారు?"

"పిల్లలు."

దోనె అంచు మీంచి నీళ్ళలోకి వంగి చూశాను.

"పిల్లలే దిగినట్టు లెక్క. నువ్వే గదా లోవకి సెప్పినావు, నోరు కట్టుకుంటే నీల్లొత్తాయని. లోవ మౌనం పట్టినాది. నెల తిరక్కుండా ఆ గుంట పూస అంకె దిగినాది. అది సూసి ఒకరెనకాల ఒకరు పట్టినారు, నీల్లున్నోల్లు కూడా ఏడ పోతాయోనని. మా మగోల్లు రాగి కోసరం దిగితే మేం నోరు మూసుకోమా? కన్నబిడ్డ ఒంటి కోసరం మూసుకోమా?"

"అది నేను తమాషాకన్నాను," అన్నాను. ఆ మాట పైకి అంటున్నప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

బంగారమ్మ తెడ్డు వెయ్యడం ఆపింది.

"పోనీ పన్నెండు వందల మాటలు ఆడొచ్చు కదా. ఇంటికి అన్ని మాటలు పూసే ఒప్పుకుంటుంది. ఒక్కటి కూడా లేకుండా ఎందుకు?" అన్నాను.

"సగం మునగడం ఉండదమ్మా. మడిసి కిందన్నా ఉంటాడు, పైనన్నా ఉంటాడు."

"పిల్లలకి మాట పోతోంది. అది తెలుస్తోందా మీకు?"

"తెలుస్తంది," అంది. "ఆల్లెప్పుడు నోరిప్పితే మేమప్పుడు ఇప్పుతాం. ముందు మాట పైకొచ్చినోడిది. మేం ముందు ఇప్పకూడదు. ఇప్పితే బిడ్డ కిందే ఉండిపోద్ది."

పిల్లలు తల్లులు పలకరిస్తే గానీ మాట్లాడలేరు. తల్లులు పిల్లలు పలికితే గానీ మాట్లాడరు. రెండు వైపులా గడియ పెట్టిన తలుపు అది. దాన్ని వేసింది నేను.

రోజు 267

ఆసరా చూసే అధికారి చంద్రమౌళి గారు రేడియోలో దొరికారు. నేను నోరు తెరిచే లోపే ఆయన మొదలుపెట్టారు.

"హైమవతి గారూ, ఇక్కడ మీ పేరు మారుమోగిపోతోందండీ. నూటికి నూరు మందికి ఆసరా రాయించిన బడి తీరం మొత్తమ్మీద మీదొక్కటే. ఒక్క పిల్ల కూడా జారిపోలేదు."

మొత్తం చెప్పాను. నా హాస్యం సంగతి కూడా దాచలేదు.

"నేనివేమీ వినలేదనుకోండి," అన్నారు ఆయన, గొంతు తగ్గించి. "కాగితం మీద పెడితే వాళ్ళు కొలతని మోసం చేసినట్టవుతుంది. ఆసరా ఆగిపోతుంది. నిబంధన ప్రకారం ఆ పిల్లల్ని గట్టు మీది హాస్టలుకి తరలించాలి. నాకూ ఇద్దరు పిల్లలున్నారండీ, ఆ కాగితం నా చేత రాయించకండి."

"అయితే గీత మార్చండి. పుళ్ళు చూసి ఇవ్వండి నీళ్ళు. మాటలు చూసి కాదు."

"రాస్తాను. గట్టిగానే రాస్తాను. కానీ గీత మళ్ళీ చర్చకి వచ్చేది రెండేళ్ళకి."

ఆయన చెడ్డవాడు కాదు. అదే నన్ను మరీ భయపెట్టింది. ఇంతమంది మంచివాళ్ళం కలిసి ఇరవై మూడు మంది పిల్లల నోళ్ళు మూసేశాం.

రోజు 268

బడిలో అయినా మాటలు నింపేద్దామని పొద్దున్నుంచీ వాగుతూనే ఉన్నాను. కథలు చెప్పాను, పిల్లి కూతలు కూశాను, నూకరాజు చొక్కా బొత్తాలతో సంభాషణ పెట్టుకున్నాను. ఒక్కడు నవ్వలేదు. భయం భయంగా కిటికీలోంచి నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నారు.

మధ్యాహ్నం పైడి లేచి నా దగ్గరికి వచ్చింది. ఒళ్ళో కూర్చుంటుందనుకున్నాను. నా మోకాళ్ళ మీదికెక్కి నిలబడి, రెండు అరచేతులూ నా నోటి మీద పెట్టి అదిమింది. కోపంగా కాదు. పసిపిల్ల కళ్ళలో నలక పడితే పెద్దవాళ్ళు ఎంత జాగ్రత్తగా చెయ్యి పెడతారో, అంత జాగ్రత్తగా. నేను మాట్లాడితే ఎవరో కింద ఊపిరాడక చచ్చిపోతారని దాని భయం. ఆ ఎవరో తనే. నన్ను తప్పు చెయ్యనివ్వకుండా కాపాడుతోంది.

పాతికేళ్ళుగా పిల్లల మధ్య ఉన్నాను. ఏ పిల్లా నా నోరు ముయ్యలేదు. ఆ చేతులు చాలాసేపు అలాగే ఉంచుకుని కూర్చున్నాను.

రోజు 270

పూసకి కావాల్సింది ఒంటి వెచ్చదనం. అది ఎవరి ఒళ్ళన్నది దానికి పట్టదు. ఈ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు; దానితో ఏం చెయ్యొచ్చో నిన్నటిదాకా తట్టలేదు.

బంగారమ్మని దోనెలో మళ్ళీ దూరంగా తీసుకుపోయి చెప్పాను. బడి వదిలేటప్పుడు ఇరవై మూడు పూసలూ నేను విప్పుకుంటాను. నా నడుముకి కట్టుకుని బడి వెనక గదిలో కూర్చుంటాను. పొద్దున్నే ఎవరివి వాళ్ళకి కట్టేస్తాను. ఇంట్లో మీ ఇష్టం వచ్చినంత మాట్లాడుకోండి, నీళ్ళెక్కడికీ పోవు. ఇది తప్పని నాకు తెలుసు. పట్టుబడితే ఉద్యోగం పోతుంది. పోనివ్వండి అన్నాను.

బంగారమ్మ తెడ్డు ఒళ్ళో పెట్టుకుంది.

"పిల్లలు పైకి రావాలంటే ఆల్లకి బదులు ఇంకో మడిసి దిగాల. ఉత్తినే పైకి లాగితే నీల్లెవులు తెత్తారు? నువ్వు దిగుతావా?"

"దిగుతాను."

"నిజంగా దిగాల. నీ గుమ్మానికి ఎర్రగుడ్డ కడతాం. బడి వదిలినప్పటికాడ్నుంచి పొద్దున్న బడి తెరిసేదాకా ఒక్క మాటుండకూడదు. మాతోనే కాదు, నీలో నువ్వు కూడా. నువ్వొక్క మాటాడితే పైకొచ్చేసినట్టే. ఆ సాయంత్రమే మా పిల్లలు మల్లీ దిగాల. ఆడోల్లు అలాగైతేనే నోరిప్పుతారు."

ఎన్నాళ్ళు అని అడిగాను. గీత మారేదాకా అంది. రెండేళ్ళు. నిద్రలో కూడా మాట్లాడే మనిషిని నేను. ఒప్పుకున్నాను.

రోజు 271

పూసలు కట్టుకున్నాను. సాయంత్రమంతా చెవులు రిక్కించి కూర్చున్నాను. తెప్పల వైపు నుంచి ఒక్క మాట రాలేదు. నేను దిగాను గానీ పిల్లలు ఇంకా పైకి రాలేదు. ముందు మాట వాళ్ళదే కావాలి కదా.

రోజు 273

బంగారమ్మ తెగించింది. ఉత్తుత్తి మౌనాన్ని ఉత్తుత్తిగా విడిపించలేమనీ, పిల్లల్ని నిజంగా దింపి నిజంగా పైకి తియ్యాలనీ నిర్ణయించింది. అది విన్నప్పుడు నాకు మతిపోయింది. నాలుగేళ్ళ పిల్లల్ని సముద్రంలోకి. వద్దని ఏడ్చాను. పొద్దుటి వేళ, బడి జరిగే సమయం కాబట్టి నాకు నోరుంది. నా నోటి మాటకి ఇక్కడ ఏ విలువ ఉందో అందరికీ తెలిసిందే కనక ఎవరూ వినలేదు.

ముందు పైడి. తాతాలు దాన్ని ఛాతీకి కట్టుకున్నాడు, ముక్కు మూసుకోవడం చూపించాడు. తాడు లోవ పట్టుకుంది. వాడంతా తెప్పల అంచున నిలబడింది. ఇద్దరూ మునిగారు. నేను వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాను. పద్దెనిమిది దగ్గర తాడు మీద దెబ్బ వినపడింది, లోవ లాగింది.

పైడి పైకి వచ్చి దగ్గింది. ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి. తాతాలు దాన్ని చెక్కల మీద నిలబెట్టాడు. ఎవరూ మాట్లాడలేదు. లోవ కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, పెదవులు బిగబట్టుకుంది. పిల్ల తల్లి మొహం చూసింది, తర్వాత మా అందరి మొహాలూ చూసింది. నేను నోరు తెరవబోతే బంగారమ్మ నా చెయ్యి విరిగిపోయేలా నొక్కింది. అలా ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను. ఇక రాదనుకున్నాను. ఈ పిల్ల జన్మలో మాట్లాడదు, అందుకు కారణం నేనే అనుకున్నాను.

"ముక్కులోకి నీల్లెల్లిపోనాయే అమ్మా," అంది పైడి, ఫిర్యాదుగా.

లోవ బదులు చెప్పబోయింది. మొదట గొంతు రాలేదు, గాలే వచ్చింది. తర్వాత మొదలుపెట్టి ఇంక ఆగలేదు. ఏమందో నాకు తెలియదు. ఎవరూ వినడం లేదు, అందరూ మాట్లాడుతున్నారు.

సాయంత్రం లోపల ఇరవై ఒక్క మంది పైకి వచ్చారు. నూకరాజు, ఇంకో చిన్నపిల్ల రాలేదు. మునిగి లేచారు, తడి బట్టలు మార్చుకున్నారు, అన్నం తిన్నారు. మాట మటుకు లేదు. ఆ రెండు ఇళ్ళ మీద ఎర్రగుడ్డలు ఇంకా ఉన్నాయి. రేపు మళ్ళీ దింపుతారట.

రోజు 281

నూకరాజు నిన్న "నీల్లు" అన్నాడు. ఆ చిన్నపిల్ల ఇంకా నోరు విప్పలేదు. వాళ్ళమ్మ గుమ్మంలో కూర్చుని దాని మొహమే చూస్తోంది.

పొద్దున పూటంతా పిల్లలు నా ప్రాణం తోడేస్తున్నారు. నాకు అదే కావాలి. సాయంత్రం పూసలు కట్టుకుని గదిలోకి వెళతాను. మొదటి రెండు రోజులు గోడలతో మాట్లాడబోయి నాలుక కరుచుకున్నాను. నేను దిగిన రోజే బడి తెప్పని దూరంగా జరిపి కట్టారు కాబట్టి వాడలో మాటలు ఇక్కడికి మాటలుగా రావు, సందడి మాత్రం వస్తుంది. దాన్ని పూస లెక్కపెట్టదు. నేను వింటూ కూర్చుంటాను.

ఇవాళ పొద్దు వాలుతుండగా లోవ దోనె వేసుకుని చేపల పులుసు తెచ్చింది. గుమ్మం దగ్గర ఎర్రగుడ్డ చూసి గిన్నె కింద పెట్టి, దణ్ణం పెట్టి, నోరు తెరవకుండా నిలబడింది. పైడి వెంట వచ్చింది. పెద్దవాళ్ళకున్న పట్టింపు దానికి లేదు. గడప దాటి వచ్చి నా ఎదురుగా కూర్చుని, నా నడుము చుట్టూ ఉన్న పూసలు ఒక్కొక్కటే తాకుతూ పోయింది. తర్వాత గదంతా చూసింది. తలుపు వెనక చూసింది. మంచం కింద చూసింది. ఎవరినో వెతుకుతోందని నాకు అర్థమైంది, ఎవరినో అర్థం కాలేదు.

"టీచరమ్మా, నీ తాడెవులు పట్టుకున్నారు?"

లోవ పరుగున వచ్చి దాన్ని ఎత్తుకుపోయింది. తల్లి భుజం మీంచి పైడి నా వైపే చూస్తోంది, జవాబు కోసం.

పైడి అన్న నాలుగు మాటలు పోగా, పూస లెక్కన ఈ రోజుకి నాకు ఇంకా పదకొండు వందల తొంభై ఆరు మాటలున్నాయి. ఆ పిల్లకి చెప్పడానికి ఒక్కటి కూడా లేదు.